మనకంటే తక్కువ స్థాయి ప్రత్యర్థి డబుల్ ఇచ్చాడు: బాట్ టేక్ అన్నా వదిలేయాలా?

పిప్పుల_లెక్క అడిగిన ప్రశ్న

బ్యాక్‌గామన్‌లో 7 పాయింట్ల మ్యాచ్, స్కోరు 5-5. కాంటాక్ట్ అయిపోయింది (ఇద్దరి కాయలూ ఒకదాన్నొకటి దాటేశాయి, ఇక కొట్టుకోలేవు), ఇక రేసే. అవతలివాళ్లకి 80 పిప్పులు (కాయలన్నీ బయటికి తీయడానికి కదపాల్సిన మొత్తం గడులు), నాకు 84, పందెం (పాచికలు వేసే వంతు) వాళ్లది. రేటింగులో నాకంటే 200 తక్కువ ఉన్న ఆటగాడు. డబుల్ ఇచ్చాడు, అంటే గేము విలువ రెట్టింపు చేద్దామన్నాడు. బాట్‌ని (ఆట విశ్లేషించే ప్రోగ్రామ్‌ని) అడిగితే టేక్ (ఒప్పుకుని ఆడు) అంటోంది, అదీ అంచు మీద.

బాట్ ఇద్దరూ ఒకే స్థాయిలో ఆడతారనుకుని చెబుతుంది. మరి నేను కొంచెం మెరుగైన ఆటగాణ్ణయితే ఈ టేక్ ఇంకా తేలికవుతుందా, లేక వదిలేసి తర్వాతి గేముల్లో చూసుకోవాలా? దీంతోపాటు ఇంకో రెండు సందేహాలున్నాయి. బలహీనులతో డబుల్ ఆలస్యంగా ఇవ్వాలని కొందరు, తొందరగా ఇవ్వాలని కొందరు చెబుతారు, ఏది నిజం? కాయలు కదిపేటప్పుడు కావాలని ఆటని చిక్కు చేయడం లాభమా?

బార్‌మీది_కాయ

వదిలేయాల్సిందే. లెక్క చూడండి.

80కి 84, పందెం వాళ్లది అంటే మీ గెలుపు దాదాపు 33 శాతం. టేక్ చేస్తే క్యూబ్ (గేము విలువ చూపే పాచిక) 2 మీద ఉంటుంది, ఇద్దరికీ రెండేసి పాయింట్లే కావాలి కాబట్టి ఈ గేముతో మ్యాచ్ తేలిపోతుంది. మీకు దక్కేది ఆ 33 శాతమే.

డ్రాప్ చేస్తే (డబుల్ వదిలేసి ఒక పాయింట్ ఇచ్చేస్తే) స్కోరు 5-6. తర్వాతి గేము క్రాఫర్డ్ (ఒకరు మ్యాచ్‌కి ఒక్క పాయింట్ దూరానికి రాగానే వచ్చే గేము), అందులో క్యూబ్ ఉండదు. ఇద్దరూ సమానులైతే అక్కడి నుంచి మ్యాచ్ గెలిచే అవకాశం ఎంత? గేము గెలిచే అవకాశం 50, గెలుపుల్లో 26 శాతం గామన్లు (ఓడినవాళ్లు ఒక్క కాయా బయటికి తీయలేని రెట్టింపు గెలుపులు) అనుకుందాం. గామన్ వస్తే మ్యాచ్ మీదే. మామూలు గెలుపైతే 6-6, అక్కడ మళ్లీ సగం. 0.5 × (0.26 + 0.74 × 0.5) = 31.5 శాతం. మ్యాచ్ ఈక్విటీ టేబుళ్లు (స్కోరుని బట్టి మ్యాచ్ గెలిచే అవకాశం చెప్పే పట్టికలు) 32 దగ్గర చూపిస్తాయి, పెద్ద తేడా లేదు. 33 దానికంటే ఎక్కువ కాబట్టి బాట్ టేక్ అంది.

ఇప్పుడు 200 రేటింగ్ తేడా కలపండి. ఫిబ్స్ అనే ఆన్‌లైన్ బ్యాక్‌గామన్ సర్వర్ రేటింగ్ సూత్రం ప్రకారం ఒక్క పాయింటు మ్యాచ్‌లో పై ఆటగాడి గెలుపు 55.7 శాతం. పైన 0.5 ఉన్న రెండు చోట్లా 0.557 పెట్టండి: 0.557 × (0.26 + 0.74 × 0.557) = 37.4 శాతం.

అంటే వదిలేస్తే 37.4, పట్టుకుంటే 33. నాలుగు శాతం పైగా నష్టపోయే టేక్ అది. ఈ స్కోరులో, ఈ పొడవు రేసులో, సమానుల మధ్య నాలుగు పిప్పుల వెనకబాటు దాకా టేక్ చేయొచ్చు. మీకు మాత్రం రెండు పిప్పుల దగ్గరే గీత పడుతుంది.

అయితే ఇది రేసు కాబట్టే ఇంత తేడా. మీరు బాగా ఆడతారన్న బలం రేసులో ఖర్చుపెట్టడానికి చోటే లేదు, పాచికలు ఏం చెబితే అదే. అదే 33 శాతం, కానీ మీరు అవతలి ఇంట్లో 5 పాయింట్ యాంకర్ (ఐదో గడిలో రెండు కాయలు) పట్టుకుని ఉన్నారు, రెండు వైపులా ఇంకా బోలెడు ఆట మిగిలి ఉంది అనుకోండి. అప్పుడు బాట్ చెప్పిన 33 మీ చేతిలో 36 కావచ్చు, 37 కావచ్చు. అక్కడ టేక్‌కీ డ్రాప్‌కీ పెద్ద తేడా ఉండదు. ‘బలహీనుడితో అంచు టేకులన్నీ వదిలేయ్’ అనే సలహా సగమే నిజం. ఆట మిగలని చోట వదిలేయండి. మిగిలిన చోట బాట్ మాటకి దగ్గరగానే ఉండండి.

5-5 దగ్గర ఇంకో మాట. సమానుల మధ్య ఈ స్కోరులో తర్వాతి రెండు పందేల్లో మార్కెట్ చేజారే (అవతలివాళ్లు ఇక టేక్ చేయని స్థితి వచ్చే) దారి ఒక్కటున్నా డబుల్ ఇచ్చేయమంటారు. అలా ఇస్తే మీ మ్యాచ్ ఒకే గేముకి కుదించుకుపోతుంది, గెలుపు 55.7. ఎవరూ క్యూబ్ ముట్టకుండా ఆడితే పై లెక్క ప్రకారం 57 పైచిలుకు. ఇంతమంది వాదించుకునే విషయంలో తేడా ఒకటిన్నర శాతమే! ఆగడం మంచిదే, కానీ దానికోసం 75 శాతం దాటిన స్థితిలో కూడా క్యూబ్ పట్టుకుని కూర్చుంటే ఆ ఒకటిన్నరా పోయి ఇంకా పోతుంది.

రెండోరోల్

పై లెక్కతో పేచీ లేదు. కానీ డబుల్ ఆలస్యమా తొందరా అన్నదానికి రేటింగ్ తేడా కంటే ఆ మనిషి ఏ రకం బలహీనుడో చూడటం ముఖ్యం. క్యూబ్ దగ్గర తక్కువ స్థాయి ఆటగాళ్లు రెండు రకాలు: భయపడి వదిలేసేవాళ్లు, ఏదొచ్చినా పట్టుకునేవాళ్లు. ఇద్దరితోనూ ఒకేలా ఆడితే ఒకరి దగ్గర చేతికొచ్చింది వదులుకున్నట్టే.

గామన్లు లేని స్థితి, టేక్ చేశాక క్యూబ్ మళ్లీ తిరగదు, మ్యాచ్ మొదట్లోనే ఉన్నారు అనుకుందాం. అప్పుడు టేక్ గీత 25 శాతం. (రీడబుల్, అంటే మళ్లీ రెట్టింపు చేసే హక్కు విలువ కూడా కలిపితే 22 దాకా దిగుతుంది.) భయస్తుడికి 30 శాతం గెలుపున్నప్పుడు డబుల్ ఇచ్చారు. టేక్ చేసి ఉంటే మీకు వచ్చేది 2 × (0.70 − 0.30) = 0.8. వదిలేశాడు కాబట్టి 1 వచ్చింది. లాభం 0.2. మొండివాడికి 15 శాతమే ఉన్నప్పుడు ఇచ్చారు, పట్టుకున్నాడు: 2 × (0.85 − 0.15) = 1.4. న్యాయంగా మీకు రావాల్సింది 1. లాభం 0.4.

కాబట్టి మొండివాడితో తొందర అక్కర్లేదు. మామూలుగా డబుల్ త్వరగా ఇవ్వడానికి కారణం మార్కెట్ చేజారుతుందన్న భయం. వదిలేయడం తెలియని మనిషి దగ్గర మార్కెట్ చేజారదు. ఇంకొక్క పందెం చూసి, బాగా పడితే అప్పుడివ్వండి, చెడితే క్యూబ్ మధ్యలోనే ఉంటుంది. అలాగే ‘టూ గుడ్’ (డబుల్ ఇస్తే వదిలేస్తాడు, గామన్‌కి ఆడటమే మేలు) అనుకుని క్యూబ్ 1 మీదే గామన్‌కి ఆడటం ఇతనితో తప్పు. గెలుపు 80, అందులో గామన్లు 30 ఉన్న స్థితి తీసుకోండి: డబుల్ లేకుండా 0.9, డబుల్ ఇచ్చి పట్టుకుంటే 1.8. సరైన ప్రత్యర్థి వదిలేసి మీకు 1 ఇచ్చేవాడు, ఇతను 1.8 ఇస్తాడు.

భయస్తుడితో సరిగ్గా తిరగేయండి. బ్లిట్జ్ (వరుసగా కాయలు కొట్టే దాడి) మొదలైంది, అతని కాయ ఒకటి బార్ మీద (కొట్టిన కాయ ఆగే చోట) ఉంది, మీ ఇంట్లో మూడు పాయింట్లే అయ్యాయి: ఇలాంటివి చాలాచోట్ల టేకులే, చూడ్డానికి మాత్రం భయంకరంగా ఉంటాయి. ఇక్కడ డబుల్ ఇచ్చి ఒక పాయింట్ తీసేసుకోవచ్చు.

ఇతను ఏ రకమో ఎలా తెలుస్తుంది? ముందు తెలియదు. మొదటి క్యూబ్ మామూలుగా, సమానుడికి ఇచ్చినట్టే ఇవ్వండి. బ్యాక్‌గామన్ నిపుణుడు కిట్ వుల్సే పేరుతో ఉన్న సూత్రం ఇలాంటప్పుడు పనికొస్తుంది: ఇది టేకో డ్రాపో మీరే ఖచ్చితంగా చెప్పలేకపోతే డబుల్ ఇవ్వడమే సరి. మీరే తేల్చుకోలేనిది అతను తప్పు చేసే అవకాశం ఇంకా ఎక్కువ.

క్యూబ్ 4 దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి లాగండి. 0-0లో 4 మీద గేము పోతే స్కోరు 0-4, సమానుల లెక్కలో అవతలివాళ్లకి మ్యాచ్ 76 శాతం దగ్గరికొస్తుంది, గామన్ పోతే మ్యాచే పోయింది. మీ చేతిలో 2 క్యూబ్ ఉన్నప్పుడు అంచు రీడబుళ్లు ఆపేయండి. 2కి వెళ్లే మొదటి డబుల్ విషయంలో ఇంత జాగ్రత్త అనవసరం, 7 పాయింట్లలో ఇంకా చాలా ఆట ఉంటుంది.

ప్రైమ్‌గోడ

కాయల సంగతి ఎవరూ ముట్టలేదు, నేను చెబుతా. కొంచెం కటువుగానే చెబుతా, ఎందుకంటే చిక్కు పేరుతో జరిగే నష్టం ఎక్కువ.

ఒక హద్దు పెట్టుకోండి. రెండు ఎత్తుల మధ్య ఈక్విటీ (సగటున రావాల్సిన పాయింట్లు) తేడా 0.02 లోపైతే ప్రత్యర్థికి కష్టమైనది ఎంచుకోండి. అంతకు మించితే మంచి ఎత్తే ఆడండి. పీఆర్ అంటే ఒక్కో నిర్ణయానికి సగటున పోగొట్టుకున్న ఈక్విటీని 500తో గుణించినది. పీఆర్ 15 ఉన్న మనిషి నిర్ణయానికి 0.03 చొప్పున తనంతట తనే ఇస్తాడు. అతన్ని ఇరికించడానికని మీరు 0.06 తప్పు ఎత్తు వేస్తే, అది తిరిగి రాబట్టడానికి అతను రెండు మూడు సార్లు అదనంగా తడబడాలి.

ఆ హద్దు లోపల ఏం చూడాలంటే, ప్రత్యర్థికి నిజమైన నిర్ణయాలు మిగిలే స్థితులు. బార్ మీద కాయతో తచ్చాడేవాడు తప్పు చేయలేడు, ఎత్తు ఉంటే ఒకటే ఉంటుంది. రేసులో బేరాఫ్ చేసేవాడూ (కాయలు బయటికి తీసేవాడూ) పెద్దగా తప్పు చేయలేడు. ప్రైమ్‌కి (వరుస గడులు మూసిన గోడకి) ప్రైమ్ ఎదురైనప్పుడు, ఇద్దరికీ యాంకర్లున్నప్పుడు, మధ్యలో కాయలు చెల్లాచెదురుగా ఉన్నప్పుడు ప్రతి పందేనికీ ఆలోచించాలి. తక్కువ స్థాయి వాళ్లు ప్రైమ్ ఆటలో చేసే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: వెనక ఇరుక్కున్న రెండు కాయల మీద బెంగతో ఉండి, మిగతా కాయల్ని 1, 2 పాయింట్ల మీద పాతేస్తారు. ఉన్న ప్రైమ్‌ని జరపడానికి ముందున్న పాయింట్ మీద ఒంటి కాయ పెట్టాలంటే జంకుతారు. కాబట్టి మీరు వాళ్ల ప్రైమ్ అంచున యాంకర్ పట్టుకుని ఓపిగ్గా ఉంటే, వాళ్ల బోర్డు వాళ్లే కూల్చుకుంటారు.

రేసులో ఆరేడు పిప్పుల ఆధిక్యం ఉంది, కాంటాక్ట్ తెంపే పందెం పడింది. సమానుడితో అయితే తెంపడమూ ఉంచడమూ పక్కపక్కనే ఉంటే ఏదైనా ఒకటే. బలహీనుడితో తెంపకండి, మీ పాయింట్ ఇంకో పందెం పట్టుకోండి.

బ్యాక్‌గేమ్‌లోకి (అవతలి ఇంట్లో రెండు యాంకర్లతో, బాగా వెనకబడి ఆడే ఆటలోకి) కావాలని దిగొద్దు. ‘అతనికి బ్యాక్‌గేమ్ మీద ఎలా ఆడాలో తెలియదు’ అన్నది నిజమే కావచ్చు, కానీ అతను తెలియకుండా ఆడినా మీకు గామన్ ఓటములు వస్తూనే ఉంటాయి, క్యూబ్ 2 మీద ఒక్క గామన్ అంటే 4 పాయింట్లు. ఏస్ పాయింట్ ఆట (అవతలి ఇంట్లో 1 పాయింట్ ఒక్కటే పట్టుకుని ఉండటం) అయితే మరీ దారుణం, గెలుపు ఆరింట ఒకటి దగ్గరే.

ఓపెనింగ్ 2-1 గురించి కూడా ఒక మాట. 6 పాయింట్ నుంచి ఒకటి దించి 5 మీద ఒంటి కాయ పెట్టడం, 24 మీది జంట విడదీయడం, రెండూ మామూలు స్కోరులో పక్కపక్కనే ఉండే ఎత్తులు. ఒంటి కాయ పెడితే 36లో 15 పందేలు కొడతాయి, కొడితే మీకు 20 పిప్పులు పోతాయి. ఆ 15 పందేలు కొట్టడానికి ఏ ప్రతిభా అక్కర్లేదు. నా ఓటు విడదీయడానికే. ఇందులో పట్టుదలేమీ లేదు, తేడా చాలా చిన్నది.

పిప్పుల_లెక్క

బార్‌మీది_కాయ గారూ, రేసు సంగతి అర్థమైంది. అయితే డ్రాప్ చేశాక 5-6 క్రాఫర్డ్ గేములో గామన్ కోసం ఎంత తెగించాలి? అక్కడ గామన్ వస్తే మ్యాచ్ నాదే కాబట్టి దానికోసమే ఆడాలని విన్నాను. అలాగే నేను ముందున్నప్పుడు పోస్ట్-క్రాఫర్డ్‌లో (క్రాఫర్డ్ తర్వాతి గేముల్లో) ఉచిత డ్రాప్ (పెద్ద నష్టం లేకుండా డబుల్ వదిలేయడం) కూడా పై ఆటగాడికి మారుతుందా?

బార్‌మీది_కాయ

గామన్ కోసం ఆడాలి, కానీ పుస్తకంలో చెప్పినంత తెగింపు మీకు అవసరం లేదు. సమానుల మధ్య గామన్ వస్తే 100, మామూలు గెలుపు 50, ఓడితే 0. గామన్ విలువ (100 − 50) / (50 − 0) = 1, అంటే మామూలు డబ్బు ఆటలో ఉండే 0.5కి రెట్టింపు. మీకు మామూలు గెలుపే 55.7 ఇస్తుంది. కాబట్టి 44.3 / 55.7, సుమారు 0.8.

ఎక్కడ మారుతుందో చూడండి. మొదటి ఎత్తుతో మొత్తం గెలుపు 55, అందులో గామన్లు 12. రెండోదానితో గెలుపు 50, గామన్లు 18. సమానులకి మొదటిది 33.5, రెండోది 34, కాబట్టి రెండోది. మీకు మొదటిది 35.95, రెండోది 35.82. ఎత్తు తిరగబడింది. తేడా వెంట్రుకవాసి, కానీ ఏ వైపు మొగ్గాలో తెలుస్తుంది: అంచు మీదున్నప్పుడు గెలుపు వైపు.

ఉచిత డ్రాప్ దగ్గర జాగ్రత్త, ఇక్కడే చాలామంది తమ ప్రతిభని రెండుసార్లు లెక్కేస్తారు. మీకు 1 కావాలి, అవతల 2 కావాలి, క్రాఫర్డ్ అయిపోయింది, వాళ్లు మొదటి అవకాశంలోనే డబుల్ ఇచ్చారు. వదిలేస్తే 6-6, కొత్త గేము, మీకు 55.7. ‘ఇప్పుడున్న స్థితి 51 శాతమే, కొత్త గేము 55.7, కాబట్టి వదిలేస్తా’ అనేస్తారు. ఆ 51 బాట్ చెప్పింది, అందులో మీ ప్రతిభ కలవలేదు. ఒకటి రెండు పందేలే పడిన గేములో ఆట అంతా మిగిలే ఉంది, మీ చేతిలో అదీ 56 దాటుతుంది. కాబట్టి మామూలు నియమమే: ఓపెనింగ్ వాళ్లకి బాగా పడి మీరు సగానికి తగ్గితే వదిలేయండి, లేకపోతే పట్టుకోండి. వాళ్లకి 3 కావాల్సిన చోట మాత్రం డ్రాప్ ఉచితం కాదు, అక్కడ వదిలితే నిజంగానే ఒక గేము ఇచ్చినట్టు.

తక్కువ స్థాయి వాళ్లు పోస్ట్-క్రాఫర్డ్‌లో వెనకబడి ఉండి కూడా డబుల్ ఇవ్వడం మరిచిపోవడం తరచూ కనిపిస్తుంది. వాళ్లు మరిచిపోతే మీరు గబగబా ఆడేసి తొందరపెట్టొద్దు, ఎప్పటి వేగంలోనే ఆడండి. మీరు వెనకబడి ఉంటే మాత్రం మొదటి అవకాశంలోనే ఇచ్చేయండి.

నాయిస్_సెట్టింగ్

ఇదంతా బాట్‌తోనే సరిచూసుకోవచ్చు. జీనూ బ్యాక్‌గామన్ ప్రోగ్రామ్‌లో రోలౌట్ (ఒక స్థితిని బాట్ చాలాసార్లు చివరిదాకా ఆడి చూడటం) సెట్టింగులు ఆటగాడికొకటిగా పెట్టుకునే వీలుంది. రెండు వైపులా ఒకటే అన్న టిక్ తీసేసి, ప్రత్యర్థి వైపు ఎవాల్యుయేషన్‌కి (స్థితి అంచనాకి) కొంచెం నాయిస్ (యాదృచ్ఛిక పొరపాటు) కలపండి. అదే స్థితిని ముందు నాయిస్ లేకుండా, తర్వాత నాయిస్‌తో రోలౌట్ చేస్తే ఏ రకం స్థితిలో బలహీనత ఎక్కువ బయటపడుతుందో అంకెల్లో కనిపిస్తుంది. రేసుకీ ప్రైమ్ ఆటకీ తేడా చూడటానికి ఇదే సులువైన దారి.

ఒక లోపం ఉంది. నాయిస్ చేసే తప్పులు గుడ్డిగా అటూ ఇటూ పడతాయి. మనుషుల తప్పులు ఒకే వైపు ఒరిగి ఉంటాయి, ప్రైమ్‌గోడ గారు చెప్పిన కాయలు పాతేయడం లాంటివి. కాబట్టి హోల్డింగ్ గేముల్లో (యాంకర్ పట్టుకుని ఎదురుచూసే ఆటల్లో) ఈ అంకెల్ని నమ్మొచ్చు, ప్రైమ్ ఆటలో మీ లాభాన్ని కాస్త తక్కువ చేసి చూపిస్తాయి.

గడియారంతో ఆడే టోర్నమెంట్లయితే చిక్కు స్థితులు మీకూ ఖర్చే. పాయింటుకి 2 నిమిషాలు, ఎత్తుకి 12 సెకన్ల డిలే (గడియారం కదలని వ్యవధి) అన్న పద్ధతిలో 7 పాయింట్లకి చేతిలో ఉండేది 14 నిమిషాలు. మొదటి రెండు గేములకే 9 ఖర్చయితే, మూడో గేములో ప్రైమ్ ఆట ఎంచుకునే ముందు గడియారం వైపు కూడా చూడండి. 12 సెకన్లలో ఎత్తు వేయాల్సి వస్తే మీ 200 రేటింగ్ ఆధిక్యం అక్కడ ఉండదు.